చౌక బ్రాండ్ టైర్లకు మారితే ఏం మిగులుతుంది, ఏం పోతుంది?

క్లుప్తంగా

పెర్ఫార్మెన్స్ ఆల్‌సీజన్ టైర్లలో (వేగానికీ, అన్ని కాలాలకూ పనికొచ్చేలా చేసినవి) పేరున్న బ్రాండ్ నుంచి తక్కువ ధర బ్రాండ్‌కు మారితే, పొడి రోడ్డు మీద మొదటి కొన్ని నెలలు పెద్దగా తేడా తెలియదు. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేసినప్పుడు, చలిలో, ముఖ్యంగా ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల పొర) సగం అరిగాక ఆ తేడా బయటపడుతుంది. ధర తగ్గడానికి కారణం అన్నిచోట్లా ఒకటే కాదు. కొన్ని బ్రాండ్లలో ప్రచారం ఖర్చు తగ్గి ఉంటుంది, కొన్నింటిలో రబ్బరు నాణ్యతే తగ్గి ఉంటుంది. మారడం లాభమో నష్టమో తేల్చేది అదే.

టైర్లు మార్చే సమయం వచ్చినప్పుడు చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. రెండు టైర్ల మీదా సైజు ఒకటే, లోడ్ ఇండెక్స్ (మోయగల బరువును సూచించే అంకె) ఒకటే, స్పీడ్ రేటింగ్ ఒకటే. ట్రాక్షన్ (పట్టు) గ్రేడు కూడా ఒకటే కావచ్చు. ధర దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకటి ఇంకోదానిలో మూడింట రెండొంతులే ఉంటుంది. అంకెలన్నీ ఒకటే అయినప్పుడు మిగతా మూడో వంతు బ్రాండ్ పేరుకే కడుతున్నామా అన్న అనుమానం రావడం సహజం. కొంతవరకు అది నిజమే. ఎంతవరకు అన్నది టైరు లోపలికి వెళ్తే గానీ తెలియదు.

ఒకే టైరుకు పొసగని పనులు

పెర్ఫార్మెన్స్ ఆల్‌సీజన్ విభాగం ప్రధానంగా ఉత్తర అమెరికా మార్కెట్ కోసం పెరిగింది. శక్తిమంతమైన ఇంజిన్లున్న సెడాన్లు, హ్యాచ్‌బ్యాక్‌లు నడిపేవాళ్లకు వేసవి టైర్లలా చురుగ్గా స్పందించే స్టీరింగ్ కావాలి. అలాగని ఏటా రెండుసార్లు టైర్లు మార్చుకునే బెడద ఉండకూడదు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్ లాంటివి ఈ కోవలో పైమెట్టు మీద ఉన్నాయి. స్పీడ్ రేటింగ్ చాలావరకు వి, డబ్ల్యూ, వై అక్షరాల్లో ఉంటుంది. అంటే వరుసగా గంటకు 240, 270, 300 కి.మీ. వరకు తట్టుకునేలా తయారైనవి.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ టైరు నుంచి కోరుకునే గుణాలు ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. వేసవి టైరు రబ్బరు ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పడేకొద్దీ గట్టిపడి పట్టు కోల్పోతుంది. చలిలో మెత్తగా ఉండే రబ్బరు వేసుకుంటే, ఎండలో వేగంగా మలుపు తిరిగినప్పుడు అది సాగిపోయి స్టీరింగ్ స్పందన మందగిస్తుంది. మలుపుల్లో నిలకడకు ట్రెడ్ బ్లాకులు పెద్దగా, గట్టిగా ఉండాలి. మంచు మీద పట్టుకు అవే బ్లాకుల్లో సన్నని చీలికలు బోలెడన్ని కావాలి. ఎక్కువ దూరం నడవాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి, తడిలో ఆగాలంటే అది రోడ్డు గరుకుతనంలోకి ఒదిగిపోవాలి.

మామూలు కుటుంబ కార్ల టూరింగ్ టైరు తయారు చేయడంలో ఇంత పెనుగులాట ఉండదు. అందుకే ఆ విభాగంలో చౌక టైరుకూ ఖరీదైన టైరుకూ మధ్య దూరం తక్కువ. పెర్ఫార్మెన్స్ ఆల్‌సీజన్‌లో మాత్రం రబ్బరు మిశ్రమంలో ఎక్కడ పొదుపు చేసినా, ఏదో ఒక వాతావరణంలో అది తేలిపోతుంది.

ధర ఎక్కడ తగ్గుతుంది

తక్కువ ధర బ్రాండ్లన్నిటినీ ఒకే గాటన కట్టలేం. వాటిలో కనీసం మూడు రకాలున్నాయి.

ఒకటి, పెద్ద కంపెనీల చేతిలో ఉన్న రెండో వరుస బ్రాండ్లు. జనరల్ టైర్ 1987 నుంచి కాంటినెంటల్‌ది. ఫైర్‌స్టోన్ 1988లో బ్రిడ్జ్‌స్టోన్ చేతికి వచ్చింది. బీఎఫ్‌గుడ్రిచ్, ఉత్తర అమెరికాలో యూనిరాయల్ మిషెలిన్‌వి. యూరప్‌లో అదే యూనిరాయల్ పేరు కాంటినెంటల్‌ది కావడం గమనించాలి. పేరు చూసి నాణ్యత అంచనా వేయడం ఎంత కష్టమో ఈ ఒక్క ఉదాహరణ చాలు. కూపర్‌ను 2021లో గుడ్‌ఇయర్ కొనేసింది. నెదర్లాండ్స్‌లో పుట్టిన వ్రెడెస్టీన్ 2009 నుంచి భారతీయ కంపెనీ అపోలో టైర్స్‌ది. ఇలాంటి బ్రాండ్లలో మాతృ కంపెనీ పరీక్షా మైదానాలు, పరిశోధన ఎంతో కొంత పంచుకోవడం ఉంటుంది. సరికొత్త మిశ్రమం ముందు పైబ్రాండ్‌కు వెళ్తుంది. రెండో వరుసకు ఒక తరం వెనకటిది దక్కుతుంది. ఒక తరం వెనక అంటే చెడ్డదని అర్థం కాదు. నాలుగైదేళ్ల కిందట అదే అగ్రశ్రేణి టైరు.

రెండో రకం సొంతంగా పరిశోధన చేసుకుంటూ, కార్ల కంపెనీలకు కూడా టైర్లు సరఫరా చేసే కొరియా, జపాన్ కంపెనీలు. హాన్‌కూక్, కుమ్హో, నెక్సెన్, సుమిటోమోకు చెందిన ఫాల్కెన్ ఇందులోకి వస్తాయి. ఇక్కడ ధర తక్కువగా ఉండటానికి మార్కెట్‌లో చోటు సంపాదించుకోవాలన్న వ్యాపార నిర్ణయం కూడా ఒక కారణం.

మూడోది, ఎక్కువగా ధర మీదే పోటీ పడే కొత్త పేర్లు. వీటి వెనక వాణిజ్య సుంకాల కథ ఉంది. చైనా నుంచి వచ్చే కారు టైర్ల మీద అమెరికా 2009లో మొదటి ఏడాదికి 35 శాతం అదనపు సుంకం వేసింది. 2015లో యాంటీ డంపింగ్ (మరీ చౌకగా దించే సరుకును అడ్డుకునే) సుంకాలు వచ్చాయి. 2021లో దక్షిణ కొరియా, తైవాన్, థాయ్‌లాండ్, వియత్నాంల నుంచి వచ్చే టైర్లకూ ఆ సెగ తగిలింది. సుంకం ఒకచోట పడ్డప్పుడల్లా ఫ్యాక్టరీలు ఇంకోచోట వెలిశాయి. అందుకే ఒకే బ్రాండు, ఒకే మోడల్ టైరు వేర్వేరు దేశాల్లో తయారై రావడం మామూలైపోయింది. ఏ దేశంలో తయారైందన్నది నాణ్యతకు నమ్మదగిన గుర్తు కాదు. ఆ ఫ్యాక్టరీలో మిక్సింగ్ ఎంత శ్రద్ధగా జరుగుతుందన్నదే అసలు సంగతి.

రబ్బరు మిశ్రమంలో ఏం జరుగుతుంది

టైరు నల్లగా ఉండటానికి కారణం కార్బన్ బ్లాక్ అనే మసి పొడి. రబ్బరుకు బలాన్నిచ్చేదీ అదే. 1990ల మొదట్లో మిషెలిన్ కారు టైర్లలో కార్బన్ బ్లాక్‌కు బదులు చాలా భాగం సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) వాడటం మొదలుపెట్టింది. దాంతో రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరు తినేసే శక్తి) తగ్గుతూనే తడి పట్టు నిలబడింది. అప్పటిదాకా ఒకటి పెంచితే రెండోది తగ్గేది.

సిలికాతో చిక్కేమిటంటే దాని ఉపరితలం నీటిని ఇష్టపడుతుంది, రబ్బరు నూనె స్వభావం కలది. రెండూ వాటంతట అవి కలవవు. మధ్యలో సిలేన్ అనే రసాయనం వంతెనలా పనిచేయాలి. ఆ చర్య మిక్సర్‌లో సుమారు 140 నుంచి 160 డిగ్రీల మధ్య కొంతసేపు జరగాలి. వేడి చాలకపోతే చర్య సగంలో ఆగుతుంది. మరీ ఎక్కువైతే రబ్బరు మిక్సర్‌లోనే ముదిరిపోవడం మొదలవుతుంది. సరిగ్గా చేయాలంటే ఒకే మిశ్రమాన్ని మిక్సర్‌లో రెండు మూడుసార్లు తిప్పాలి. మిక్సర్ సమయం అంటే డబ్బు. సిలికా పాలు తగ్గించినా, ఒక విడత మిక్సింగ్ మానేసినా టైరు బయటికి అచ్చం అలాగే కనిపిస్తుంది. అందుకే ప్రకటనలో 'సిలికా కాంపౌండ్' అన్న మాట ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. ఎంత వేశారో, ఎంత బాగా కలిసిందో ఆ మాట చెప్పదు.

మిశ్రమాన్ని ప్రయోగశాలలో కొలిచే పద్ధతి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. రబ్బరు నొక్కుకుని మళ్లీ సాగే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారిపోతుంది. 0 డిగ్రీల దగ్గర ఈ నష్టం ఎక్కువగా ఉంటే తడి పట్టు బాగుంటుందని, 60 డిగ్రీల దగ్గర తక్కువగా ఉంటే ఇంధనం ఆదా అవుతుందని టైరు ఇంజినీర్లు లెక్కిస్తారు. అక్కడ ఎక్కువ, ఇక్కడ తక్కువ కావాలి. ఖరీదైన మిశ్రమం ఈ రెండూ సాధించే ప్రయత్నం చేస్తుంది. చౌక మిశ్రమం తరచూ ఒకదాన్ని వదులుకుంటుంది. ఎక్కువ కాలం నడిచేలా గట్టిగా చేస్తే తడిలో జారుతుంది, పట్టు కోసం మెత్తగా చేస్తే ఇంధనం తాగుతుంది. రోలింగ్ రెసిస్టెన్స్ 10 శాతం పెరిగితే ఇంధన వినియోగం సుమారు 1 నుంచి 2 శాతం పెరుగుతుంది. చిన్న అంకెలా కనిపించినా, టైరు జీవితకాలం మొత్తానికి లెక్కేస్తే ధరలో మిగిలినదాన్ని కొంత తినేస్తుంది.

పది శాతం పట్టు అంటే ఎంత

పోలిక పరీక్షల్లో ఒక టైరు ఇంకోదానికంటే తడి బ్రేకింగ్‌లో పది శాతం వెనకబడిందని చదివితే పెద్ద విషయంగా అనిపించదు. భౌతిక శాస్త్రం లెక్క వేరేలా ఉంటుంది.

గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్తున్న కారు, తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం (పట్టును చెప్పే అంకె) 0.7 ఉందనుకుంటే, బ్రేక్ పూర్తిగా పట్టాక సుమారు 56 మీటర్లలో ఆగుతుంది. పట్టు పది శాతం తగ్గి 0.63 అయితే ఆ దూరం సుమారు 62 మీటర్లు. తేడా 6 మీటర్లు, అంటే ఒక కారు పొడవు కంటే ఎక్కువ. ఇక్కడితో అయిపోలేదు. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట, రెండో కారు ఇంకా గంటకు 31 కి.మీ.కు పైగా వేగంతో కదులుతూ ఉంటుంది. వేగం వర్గంగా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఆగే దూరంలోని చివరి కొద్ది మీటర్లలోనే చాలా వేగం తగ్గాల్సి ఉంటుంది. ముందు ఆగి ఉన్న వాహనాన్ని తాకకపోవడానికీ, ఆ వేగంతో ఢీకొట్టడానికీ మధ్య ఉన్నది ఆ పది శాతమే. టైర్ల ధర గురించి జరిగే చర్చల్లో ఈ లెక్కకు దక్కాల్సినంత చోటు దక్కడం లేదు.

సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీది గ్రేడ్లు ఎంత చెప్తాయి

అమెరికాలో అమ్మే కారు టైర్ల మీద యూటీక్యూజీ అనే ప్రభుత్వ పద్ధతి ప్రకారం గ్రేడ్లు ఉంటాయి. ట్రెడ్‌వేర్‌కు (అరుగుదలకు) ఒక అంకె, ట్రాక్షన్‌కు ఏఏ, ఏ, బి, సి, వేడికి ఏ, బి, సి. శీతాకాలానికే ప్రత్యేకించిన టైర్లకు ఈ పద్ధతి వర్తించదు.

ట్రెడ్‌వేర్ పరీక్ష టెక్సస్‌లోని శాన్ ఏంజెలో చుట్టూ ఉన్న ప్రజా రహదారుల మీద జరుగుతుంది. టైరును 7,200 మైళ్లు, అంటే దాదాపు 11,600 కి.మీ. నడిపి, ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదలను కొలుస్తారు. ప్రామాణికం 100 అనుకుంటే, 500 వచ్చిన టైరు ఆ దారి మీద ఐదు రెట్లు మన్నుతుందని అంచనా. పరీక్ష చేయించుకునేదీ, గ్రేడు ప్రకటించుకునేదీ తయారీ కంపెనీయే. వచ్చినదానికంటే తక్కువ అంకె వేసుకోవడానికీ దానికి వీలుంది. కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్య ఈ అంకె పోలికకు పనికొస్తుంది. ఒక కంపెనీ 500ను ఇంకో కంపెనీ 500 పక్కన పెట్టి సమానమనుకోవడం పొరపాటు.

ట్రాక్షన్ గ్రేడు మరీ ఇరుకైనది. తడిపిన తారు, కాంక్రీటు మీద గంటకు 40 మైళ్ల వేగంతో ట్రెయిలర్‌ను లాగుతూ, చక్రం పూర్తిగా బిగించి టైరును ఈడ్చినప్పుడు వచ్చే ఘర్షణనే అది కొలుస్తుంది. నేటి కార్లలో ఏబీఎస్ చక్రం బిగుసుకోనివ్వదు. మలుపులో పట్టు, హైడ్రోప్లేనింగ్ (నీటి పొర మీద తేలడం), చలి ఏవీ ఈ పరీక్షలో లేవు. పైగా ఏఏ దాటాక ఇంకో మెట్టు లేదు. గీత మీద అంచున పాసైన టైరుకూ, దాన్ని చాలా దూరం దాటిన టైరుకూ అవే రెండు అక్షరాలు.

యూరప్ లేబుల్ ఇంతకంటే మెరుగు. 2021 మే 1 నుంచి అమల్లో ఉన్న కొత్త లేబుల్‌లో ఇంధన సామర్థ్యానికి, తడి పట్టుకు ఏ నుంచి ఇ వరకు ఐదు వర్గాలున్నాయి. బయటి శబ్దం డెసిబెల్స్‌లో ఇస్తారు. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ప్రామాణిక టైరుతో పోల్చి వేసే తడి పట్టు సూచికలో బి వర్గం 1.40 నుంచి 1.54 వరకు వెళ్తుంది. అంటే రెండూ బి టైర్లే అయినా వాటి మధ్య పది శాతం తేడా ఉండొచ్చు. పైన చెప్పిన 6 మీటర్లు ఒకే అక్షరం వెనక దాక్కుని ఉండొచ్చన్నమాట. ఈ పరీక్ష చేసేదీ కొత్త టైరు మీదే.

మంచు గుర్తుల సంగతి కొంత. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అన్న ముద్ర ట్రెడ్‌లోని గాడుల అమరికను బట్టి వేసుకునేది, దాని వెనక మంచు మీద పరీక్ష ఉండాలన్న నియమం లేదు. మూడు శిఖరాల పర్వతం, మధ్యలో మంచుపువ్వు గుర్తు ఉంటే నొక్కుకుపోయిన మంచు మీద ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం మెరుగైన పట్టు చూపిందని అర్థం. పెర్ఫార్మెన్స్ ఆల్‌సీజన్ టైర్లలో చాలావాటికి మొదటి ముద్ర మాత్రమే ఉంటుంది.

ఇన్ని పరిమితులున్నాయి కాబట్టే, స్వతంత్ర సంస్థలు ఒకే కారుకు, ఒకే రోజు, ఒకే ట్రాక్ మీద వేసి చేసే పోలిక పరీక్షల విలువ ఎక్కువ. అలాంటి పరీక్షల్లో ఎక్కడా కనిపించని బ్రాండు తప్పనిసరిగా చెడ్డదని కాదు. కానీ దాని గురించి కొనేవాళ్లకు తెలిసింది తయారీదారు చెప్పుకున్నది మాత్రమే.

సగం అరిగాక బయటపడే తేడా

కొత్త టైరు ట్రెడ్ లోతు సుమారు 8 మి.మీ. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ. టైరు తన జీవితంలో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్యే గడుపుతుంది. అయినా ధరల పోలికలు, అభిప్రాయాలు చాలావరకు 8 మి.మీ. దగ్గరే ఆగిపోతాయి.

గాడి లోతు తగ్గేకొద్దీ నీళ్లు పక్కకు పోయే దారి తగ్గుతుంది. అదే వేగంలో కొత్త టైరు రోడ్డును పట్టుకుంటే, అరిగిన టైరు నీటి పొర మీద తేలడం మొదలుపెడుతుంది. 4 మి.మీ. దగ్గరికొచ్చాక భారీ వానలో ఈ మార్పు బాగా తెలుస్తుంది. ఇది అన్ని బ్రాండ్లకూ ఉన్నదే. చౌక టైరులో దీనికి మరో రెండు తోడయ్యే అవకాశం ఉంది.

మొదటిది చీలికల లోతు. ట్రెడ్ బ్లాకు మీద కనిపించే సన్నని చీలికను వంచి లోపలికి చూస్తే, కొన్ని టైర్లలో అది గాడి అడుగుదాకా వెళ్తుంది. కొన్నింటిలో సగంలోనే ఆగిపోతుంది. సగంలో ఆగితే 4 మి.మీ. వచ్చేసరికి చీలికలు మాయమై నున్నని బ్లాకులే మిగులుతాయి. మంచు మీద, తడి మీద ఆ టైరు అప్పటికి ఆల్‌సీజన్ లక్షణం చాలావరకు పోగొట్టుకున్నట్టే. అడుగుదాకా చీలిక వేస్తే బ్లాకు బలహీనపడి ఊగుతుంది. ఊగకుండా ఉండేందుకు చీలిక గోడలు ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా మెలికలు తిప్పి అచ్చులు చేస్తారు. అలాంటి అచ్చులు ఖరీదు.

రెండోది వయసుతో గట్టిపడటం. వేడెక్కడం, చల్లబడటం అనే చక్రం ఎన్నోసార్లు తిరిగాక రబ్బరు మెల్లగా బిరుసెక్కుతుంది. వృద్ధాప్యాన్ని ఆపే రసాయనాలు, నూనెలు, రెజిన్లు ఏ పాళ్లలో వేశారన్న దాన్ని బట్టి ఈ వేగం మారుతుంది. మొదటి ఏడాది పొడి రోడ్డు మీద మెచ్చుకున్న టైరే మూడో ఏడాది వానాకాలానికి వేరే టైరులా ప్రవర్తించడం వెనక ఉన్నది ఇదే.

నియంత్రణ సంస్థలూ దీన్ని గుర్తించాయి. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్తగా ఆమోదానికి వచ్చే కారు టైరు రకాలను అరిగిన స్థితిలోనూ తడి పట్టుకు పరీక్షించాలన్న నిబంధన మొదలైంది. చౌక విభాగంలో దీని ప్రభావం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే కొత్త టైరు అంకెల మీదే దృష్టి పెట్టిన డిజైన్లకు ఇక దారి మూసుకుపోతుంది.

బిగించేటప్పుడు చూడాల్సినవి

బ్రాండ్ మారినా లోడ్ ఇండెక్స్ కారు తయారీదారు చెప్పినదానికంటే తగ్గకూడదు. 91 అంటే టైరుకు 615 కిలోలు, 94 అంటే 670 కిలోలు. స్పీడ్ రేటింగ్ కూడా అంతే. ఒకే సైజు ముద్ర ఉన్నా బ్రాండును బట్టి అసలు వెడల్పు, చుట్టుకొలత కొద్దిగా తేడా ఉంటాయి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కార్లలో రెండు టైర్లు మాత్రమే మార్చి వేరే బ్రాండు కలిపితే, ఆ చిన్న తేడా డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) మీద నిరంతరం భారం వేస్తుంది. ఇలాంటి కార్లకు నాలుగూ ఒకేసారి మార్చడమే సరైనది. మిగతా కార్లలో రెండే మారిస్తే కొత్తవి వెనక ఉండాలి.

సైడ్‌వాల్ మీది డాట్ కోడ్‌లోని చివరి నాలుగు అంకెలు తయారీ వారం, సంవత్సరం చెప్తాయి. 3224 అంటే 2024లో 32వ వారం. భారీ తగ్గింపు ధరకు వస్తున్న టైరు ఎన్నాళ్లుగా గోదాములో ఉందో ఇక్కడ తెలిసిపోతుంది.

చౌక టైర్ల మీద తరచూ వినిపించే ఫిర్యాదు హైవే వేగంలో స్టీరింగ్ వణకడం. బరువు సమానంగా లేకపోతే బ్యాలెన్సింగ్‌తో సరిపోతుంది. టైరు గుండ్రదనంలో, గట్టిదనంలో తేడా ఉంటే ఎన్ని బరువులు అతికించినా పోదు. దాన్ని రోడ్ ఫోర్స్ (తిరిగే టైరు రోడ్డును నొక్కే బలంలోని తేడా) కొలిచే యంత్రం మీద చూడాలి. కొత్త టైరు పక్కన పసుపు చుక్క ఉంటే అది తేలిక వైపు, గాలి నింపే వాల్వ్ పక్కకు రావాలి. సరిచేసినా వణుకు తగ్గకపోతే మొదటి వారాల్లోనే వెనక్కిచ్చి మార్పించుకోవడం మేలు, అరుగుదల మొదలయ్యాక దుకాణాలు ఒప్పుకోవు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో అచ్చు నుంచి అంటిన నూనె పొర పోయేదాకా ఏ బ్రాండు టైరుకైనా పూర్తి పట్టు రాదు. ఆ దశలో తీర్పు చెప్పడం తొందరపాటు.

కిలోమీటరుకు ఎంత పడుతుంది

లెక్క కోసం, పైబ్రాండ్ టైరు ధర 100, బిగింపు ఖర్చు 10, నడిచే దూరం 80,000 కి.మీ. అనుకుంటే వెయ్యి కిలోమీటర్లకు 1.38 పడుతుంది. ధర 65 ఉన్న టైరు 55,000 కి.మీ. నడిస్తే, అదే బిగింపు ఖర్చుతో 1.36. కొన్నప్పుడు మూడో వంతు మిగిలినట్టు కనిపించింది నడిచాక దాదాపు సున్నా. దీనికి ఇంధనం కూడా కలిస్తే తడిసి మోపెడవుతుంది. ధర 75 ఉండి 70,000 కి.మీ. నడిచే రెండో వరుస టైరుకు మాత్రం 1.21 వస్తుంది. అది నిజమైన పొదుపు. గిట్టుబాటు ఎక్కువగా మధ్య మెట్టులోనే ఉంటుందనడానికి ఇదే ఆధారం.

మైలేజీ వారంటీని ఈ లెక్కలో జాగ్రత్తగా వాడాలి. 80,000 కి.మీ. వారంటీ ఉన్న టైరు 60,000కే అరిగితే కొత్త టైరు ఉచితంగా రాదు. వాడుకోని నాలుగో వంతు మేరకు రాయితీ వస్తుంది, అదీ అదే బ్రాండు టైరు కొంటేనే. టైర్లను క్రమం తప్పకుండా ముందుకూ వెనక్కూ మార్పించినట్టు రసీదులు అడుగుతారు.

తక్కువ తిరిగేవాళ్ల లెక్క వేరు. ఏడాదికి 8,000 కి.మీ. మాత్రమే నడిపే కారులో 80,000 కి.మీ. టైరు అరగడానికి పదేళ్లు పడుతుంది. ఐదేళ్లు దాటాక ఏటా తనిఖీ చేయించాలని, పదేళ్లకు ట్రెడ్ ఉన్నా మార్చేయాలని పెద్ద టైర్ల కంపెనీలే చెప్తాయి. అంటే ఎక్కువ మన్నిక కోసం కట్టిన డబ్బును ఈ కారు వాడుకోదు. ఇలాంటివాళ్లు ట్రెడ్‌వేర్ అంకెను పక్కన పెట్టి, స్వతంత్ర పరీక్షల్లో తడి పట్టు బాగా వచ్చిన రెండో వరుస టైరును, తయారీ తేదీ చూసి నిశ్చింతగా కొనుక్కోవచ్చు.